మైలవరం నీళ్లలో టూ-స్ట్రోక్, ఫోర్-స్ట్రోక్ బోటు ఇంజన్లు: 400 గంటల లాగ్‌బుక్

కడప జిల్లా జమ్మలమడుగులో నాది పంపుసెట్లు, ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు. మైలవరం రిజర్వాయర్‌లో చేపల బోట్లు నడిపే మా మామ బోటు వెనక తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజన్లు రెండు కొన్నాడు. ఒకటి టూ-స్ట్రోక్, ఒకటి ఫోర్-స్ట్రోక్. మిగతా బోట్లకు ఏది కొనాలో వీటి పనితనం చూసి తేల్చుకుంటానన్నాడు. లెక్కలు రాసే పని నాకు అప్పజెప్పాడు.

ఇంటర్నెట్‌లో దొరికే పోలికలు దాదాపు అన్నీ సముద్రం మీదవే. అక్కడ ఇంజన్‌ను తినేది ఉప్పు. మనకు ఉప్పు లేదు, ఒండ్రు ఉంది, నీళ్లలో మునిగిన కంపచెట్లు ఉన్నాయి, వలల నైలాన్ దారం ఉంది, బంకులో ఇథనాల్ కలిపిన పెట్రోల్ ఉంది. అందుకే ఈ లెక్క వేరుగా రాయాల్సి వచ్చింది.

రెండు ఇంజన్లూ ఒకే కంపెనీవి. పేరు రాయడం లేదు, ఎందుకంటే కింద పాడైనవన్నీ ఏ కంపెనీ ఇంజనైనా ఈ నీళ్లలో పాడయ్యేవే.

దశ 1: నీళ్లలో దించకముందు కొలతలు (ఆగస్టు, 0–20 గంటలు)

రెండూ 9.8 హార్స్ పవర్, రెండు సిలిండర్లు, బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) రెండిటికీ 55 మిల్లీమీటర్లు. బోరు ఒకటే కావడం వల్ల పిస్టన్, రింగుల అరుగుదలను పక్కపక్కన పెట్టి చూడొచ్చు. తేడాలు ఇవి:

- టూ-స్ట్రోక్: 169 సీసీ, 26 కిలోలు. ఆయిల్ పెట్రోల్‌లోనే, 50 పాళ్లకు ఒక పాలు. మొదటి 10 గంటలు మాత్రం 25కు ఒకటి.
- ఫోర్-స్ట్రోక్: 209 సీసీ, 37 కిలోలు. కింద సంపులో (ఆయిల్ తొట్టిలో) 800 మిల్లీలీటర్ల ఆయిల్.

ముందుగా కంప్రెషన్ గేజ్ పెట్టాను. టూ-స్ట్రోక్‌లో పై సిలిండర్ 118 పీఎస్ఐ, కింది సిలిండర్ 116. ఫోర్-స్ట్రోక్‌లో 65, 66. కొత్త ఇంజన్‌లో 65 ఏమిటని కంగారు పడొద్దు. తాడు లాగి స్టార్ట్ చేసే చిన్న ఫోర్-స్ట్రోక్‌లలో క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) దగ్గర డీకంప్రెషన్ ఏర్పాటు ఉంటుంది. లాగేటప్పుడు చెయ్యి నొప్పి పుట్టకుండా అది వాల్వును కొద్దిగా ఎత్తి పట్టుకుంటుంది, స్పీడు అందుకున్నాక వదిలేస్తుంది. కాబట్టి తాడు లాగి తీసిన కంప్రెషన్ అంకెతో ఫోర్-స్ట్రోక్ ఆరోగ్యం తెలియదు. సెకండ్ హ్యాండ్ ఇంజన్ కొనేటప్పుడు ఈ అంకె చూపించి ధర తగ్గించేవాళ్లూ ఉన్నారు, భయపెట్టేవాళ్లూ ఉన్నారు.

దానికి బదులు సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారిపోతుందో చూపే లీక్-డౌన్ టెస్టర్ కావాలి. షెడ్డులోనే చేశాను:

1. పాత స్పార్క్ ప్లగ్ పింగాణీ పగలగొట్టి తీసేసి, మిగిలిన ఇనుప గుల్లకు ఎయిర్ నిపుల్ బ్రేజింగ్ చేయించాలి.
2. వరుస ఇది: కంప్రెసర్, రెగ్యులేటర్, మొదటి గేజ్, 1 మిల్లీమీటర్ రంధ్రం వేసిన ఇత్తడి బిళ్ల, రెండో గేజ్, పైపు, ప్లగ్ గుల్ల.
3. పిస్టన్‌ను సరిగ్గా పైకి తెచ్చి, ఫ్లైవీల్‌ను స్ట్రాప్ రెంచ్‌తో గట్టిగా పట్టుకోవాలి. 100 పీఎస్ఐ గాలి పిస్టన్‌ను కిందికి తన్నేస్తుంది, వేళ్లు జాగ్రత్త.
4. మొదటి గేజ్ 100 దగ్గర ఉంచి రెండోది చదవాలి. 92 చూపిస్తే లీకు 8 శాతం.
5. ఫోర్-స్ట్రోక్‌లో గాలి కార్బురేటర్‌లోంచి బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్ వైపు నుంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర వస్తే రింగులు. టూ-స్ట్రోక్‌లో వాల్వులు లేవు, రింగులో హెడ్ గాస్కెట్టో తప్ప వేరే దారి లేదు.

మొదటి రీడింగ్: టూ-స్ట్రోక్ 12, 11 శాతం. ఫోర్-స్ట్రోక్ 6, 7 శాతం.

గంటల లెక్కకు ప్లగ్ వైరు మీద తీగ చుట్టే చిన్న అవర్ మీటర్లు పెట్టాను. నీటి పంపు పరీక్షకు 200 లీటర్ల డ్రమ్ములో ఇంజన్ బిగించి, 2,500 ఆర్‌పీఎం దగ్గర పక్కనుంచి చిమ్మే నీటిధార లీటర్ బాటిల్‌ను ఎంతసేపట్లో నింపుతుందో చూశాను. టూ-స్ట్రోక్ 22 సెకన్లు, ఫోర్-స్ట్రోక్ 26. ఖర్చు లేని పరీక్ష ఇది. తర్వాత ఎక్కువగా అక్కరకొచ్చిందీ ఇదే.

ఇంకో ఏర్పాటు. మామకు ఇద్దరు కొడుకులు. పెద్దోడు ఎక్కితే థ్రాటిల్ మొత్తం తిప్పేస్తాడు, చిన్నోడు నిదానం. 50 గంటలకోసారి ఇంజన్లు బోటు మార్చాలని పెట్టుకున్నాం. లేకపోతే మనం కొలిచేది ఇంజన్‌ను కాదు, నడిపేవాణ్ణి.

మొత్తం: టూ-స్ట్రోక్ 20 గంటలు, 66 లీటర్ల పెట్రోల్. ఫోర్-స్ట్రోక్ 20 గంటలు, 45 లీటర్లు, మొదటి ఆయిల్ మార్పు అయింది. రిపేరు ఖర్చు సున్నా.

దశ 2: ఒండ్రు (సెప్టెంబరు–అక్టోబరు, 120 గంటల వరకు)

పైన గండికోట రిజర్వాయర్ నుంచి నీళ్లు వదిలినప్పుడు మైలవరంలో నీటి రంగు మారుతుంది. నల్లరేగడి మట్టి నీళ్లలో కలిసి రోజుల తరబడి తేరుకోదు. ఇంజన్ చల్లబడేది ఆ నీళ్లతోనే.

70 గంటల దగ్గర బాటిల్ పరీక్ష: టూ-స్ట్రోక్ 31 సెకన్లు, ఫోర్-స్ట్రోక్ 35. 110 గంటల దగ్గర 41, 47. ధార కంటికి బాగానే కనిపిస్తోంది. చిన్నోడు “నీళ్లు బాగానే కొడతాండాది కదా బావా” అన్నాడు. వాచీ పెట్టకపోతే నేనూ అదే అనుకునేవాణ్ణి.

మొదట ప్రయత్నించింది నీళ్లు లోపలికి పోయే జల్లెడ మీద సన్నటి స్టీల్ మెష్. అది ఒండ్రును ఆపలేదు, నాచును మాత్రం పట్టుకుంది. ఒక పూటలోనే మెష్ మూసుకుపోయి ధార సన్నబడింది. పీకేశాం. ఎవరూ ఆ పని చేయకండి, వేడెక్కడానికి అదే దగ్గరి దారి.

గేర్లు, నీటి పంపు ఉండే కింది భాగాన్ని, అంటే లోయర్ యూనిట్‌ను దించితే విషయం కనబడింది. పంపులో తిరుగుతూ నీళ్లు తోడే ఇంపెల్లర్ రబ్బరు రెక్కల అంచులు నున్నగా అరిగాయి, అది తిరిగే స్టీల్ గిన్నెలో గోరుకు తగిలేంత గీతలు. రెండు ఇంజన్లలోనూ ఒకే తీరు. స్ట్రోకులతో దీనికి సంబంధమే లేదు. ఇంపెల్లర్ ఒక్కటే మారిస్తే గీతలు పడ్డ గిన్నెలో కొత్త రబ్బరు కూడా త్వరగా పోతుంది, అందుకని గిన్నె, కింది ప్లేటుతో కలిపి కిట్టే వేశాం.

మార్చే క్రమం:

1. ప్లగ్ వైర్లు పీకేయాలి. ప్రొపెల్లర్ దగ్గర చెయ్యి పెట్టే ముందు ఇది తప్పనిసరి.
2. గేరు లింకు విప్పి, బోల్టులు తీసి, లోయర్ యూనిట్‌ను తిన్నగా కిందికి లాగాలి. కింద బట్ట పరచాలి, డ్రైవ్ షాఫ్ట్ మీది చిన్న కీ గడ్డిలో పడితే ఆ రోజు పని అక్కడితో సరి.
3. కొత్త రబ్బరుకు సబ్బునీళ్లు రాయాలి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది.
4. షాఫ్ట్‌ను సవ్యదిశలో తిప్పుతూ గిన్నెను నొక్కితే రెక్కలు సరైన వైపు వంగుతాయి.
5. షాఫ్ట్ పళ్లకు పక్కల గ్రీజు పట్టించాలి, కొస మీద మాత్రం ముద్ద పెట్టొద్దు. అది లోపల ఇరుక్కుని షాఫ్ట్‌ను పూర్తిగా కూర్చోనివ్వదు.

మార్చాక 23 సెకన్లు, 26 సెకన్లు. నిర్ణయం: సెకన్లు మొదటి రీడింగ్‌కు ఒకటిన్నర రెట్లు దాటితే ఇంపెల్లర్ మార్పు. మాన్యువల్‌లో రాసిన గడువు కోసం ఆగేది లేదు.

మొత్తం: టూ-స్ట్రోక్ 120 గంటలు, 402 లీటర్లు, రిపేర్లు ప్లగ్గులతో కలిపి 2,150 రూపాయలు. ఫోర్-స్ట్రోక్ 120 గంటలు, 278 లీటర్లు, రిపేర్లు 1,900.

దశ 3: పట్టేసిన పిస్టన్ (నవంబరు, తుఫాను తర్వాత)

తుఫాను వానలకు బోట్లు గట్టున కట్టేశారు. పెట్రోల్ ట్యాంకులు సగం సగం ఉన్నాయి, గాలి మూతలు తెరిచే ఉన్నాయి. వాన తెరిపిచ్చాక బోట్లు దించారు. ఆ మధ్యాహ్నమే ఫోన్ వచ్చింది. “బావా, టూ-స్ట్రోక్ పట్టేసింది. తాడు లాగితే రాల్యా.”

ఫోర్-స్ట్రోక్ కూడా అదే రోజు ఆగింది. దగ్గి, వణికి, ఆగింది. రెండు ట్యాంకులూ ఒకే వానలో తడిశాయి, రెండిట్లోనూ ఒకే బంకు పెట్రోల్. ఇంత సరిసమానమైన పరీక్ష నేను కావాలని పెట్టినా కుదిరేది కాదు.

ట్యాంకు అడుగు నుంచి గాజు సీసాలోకి తీసి చూశాను. టూ-స్ట్రోక్ ట్యాంకు సీసాలో రెండు పొరలు. పైన ఆయిల్ రంగుతో పెట్రోల్, కింద రంగులేని పలచటి ద్రవం. ఇథనాల్ నీళ్లను పీల్చుకుంటుంది. నీళ్లు హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కు చేరతాయి. మనం కలిపిన టూ-టీ (టూ-స్ట్రోక్) ఆయిల్ పెట్రోల్‌తో పాటే పైన ఉండిపోతుంది. ట్యాంకులో పైపు పీల్చేది అడుగు నుంచి. అంటే ఇంజన్‌కు కాసేపు అందింది ఆయిల్ చుక్క లేని నీటి సారాయి.

ఫోర్-స్ట్రోక్‌కూ అదే అందింది, కానీ దాని బేరింగులకు, సిలిండర్‌కు ఆయిల్ సంపు నుంచి వస్తుంది. అది మండలేక ఆగిపోయిందే తప్ప ఎండిపోలేదు. కార్బురేటర్ గిన్నె ఖాళీ చేసి, కొత్త పెట్రోల్ పోసి, ప్లగ్గులు తుడిస్తే సాయంత్రానికి నడిచింది. ఇక్కడ మాత్రం తేడా నిజంగా స్ట్రోకులదే.

బంకు పెట్రోల్‌లో ఇథనాల్ ఎంతుందో చూసే పద్ధతి:

1. 100 మిల్లీలీటర్ల కొలత గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 మిల్లీలీటర్ల పెట్రోల్. ఆయిల్ కలపనిదే వాడాలి.
2. మూత పెట్టి బాగా కుదిపి, తేరుకునే దాకా కదపకుండా ఉంచాలి.
3. అడుగు పొర 10 నుంచి ఎంత పెరిగిందో అది సుమారుగా ఇథనాల్. 28 వరకు వస్తే 18 పెరిగింది, 90లో 18 అంటే 20 శాతం.

మాకు 27 వచ్చింది. బంకు వాడి తప్పేమీ లేదు, ఇప్పుడు అమ్మేదే 20 శాతం కలిపిన పెట్రోల్.

టూ-స్ట్రోక్ విప్పితే పై పిస్టన్ ఎగ్జాస్ట్ వైపు గీసుకుపోయి, కరిగిన అల్యూమినియం సిలిండర్ గోడకు అంటుకుంది. కింది పిస్టన్ బాగుంది. బోరు చేయించాలేమో అనుకున్నాం గానీ అక్కర్లేకపోయింది:

1. సిలిండర్ లోపలి ఇనుప స్లీవ్‌కు అంటిన అల్యూమినియం మీద మాత్రమే దూదిపుల్లతో బాత్‌రూమ్ యాసిడ్. అది అల్యూమినియంను నురగగా కరిగిస్తుంది, ఇనుమును అంత తొందరగా తినదు. బ్లాకు కూడా అల్యూమినియమే, చుక్క పక్కకు పడకూడదు. గ్లౌజులు, కళ్లద్దాలు, ఆరుబయట.
2. నురగ ఆగాక నీళ్లతో కడిగి, వెంటనే ఆయిల్ పూయాలి. లేకపోతే నిమిషాల్లో తుప్పు.
3. తేలికగా హోనింగ్ (సిలిండర్ గోడను సానరాయితో సన్నగా రుద్దడం). పోర్టుల (సిలిండర్ గోడలోని కిటికీల) అంచులు ఎమరీతో గుండ్రంగా చేయాలి, పదునుగా ఉంటే కొత్త రింగు తగులుకుంటుంది.
4. కొత్త పిస్టన్, రింగులు, పిన్ బేరింగు, గాస్కెట్లు. క్రాంక్ బేరింగుల్లో గరుకు లేదని చేత్తో తిప్పి చూసుకోవాలి.

సామాన్లు 6,900, హోనింగ్ 600, కొరియర్ 900. మొత్తం 8,400. పిస్టన్ చెన్నై నుంచి రావాలి, అంతవరకు ఆ బోటు గట్టునే.

ఒక మాట చెప్పాలి. ఈ పని చేయడానికి నాకు బోటు ఇంజన్ చదువు అక్కర్లేదు. ఆర్‌ఎక్స్ 100 బైకు విప్పిన చేతులు చాలు. ఫోర్-స్ట్రోక్ హెడ్ లోపల ఏదైనా పోయుంటే నేనే చేస్తానని ధైర్యంగా చెప్పేవాణ్ణి కాదు. మన్నిక లెక్కలో ఇది కూడా రావాలని నా అభిప్రాయం.

మార్పులు: ట్యాంకు నిండుగా ఉండాలి లేదా పూర్తిగా ఖాళీగా ఉండాలి, సగం ఉంచొద్దు. బోటు కట్టేస్తే గాలి మూత బిగించాలి. ఇంజన్‌కు ముందు పైపులో లోపల నీళ్లు కనిపించే గాజుగిన్నె ఫిల్టర్. వారం దాటిన కలిపిన పెట్రోల్‌ను బోటులో పోయకుండా షెడ్డుకు పంపాలి, నా జనరేటర్‌కు పనికొస్తుంది.

మొత్తం: టూ-స్ట్రోక్ 150 గంటలు, 504 లీటర్లు, రిపేర్లు 10,550. ఫోర్-స్ట్రోక్ 172 గంటలు, 398 లీటర్లు, రిపేర్లు 1,900.

దశ 4: నిదానంగా నడపడం వల్ల వచ్చే జబ్బులు (డిసెంబరు–ఫిబ్రవరి)

వల ఎత్తేటప్పుడు బోటు నడక కన్నా మెల్లగా పోవాలి. చలికాలం తెల్లవారుజామున గంటల తరబడి ఇదే పని. ఫుల్ స్పీడు కన్నా ఇది ఇంజన్‌కు మంచిదని అందరూ అనుకుంటారు. లాగ్‌బుక్ అలా చెప్పడం లేదు.

టూ-స్ట్రోక్: ప్లగ్గులు నల్లగా తడిసి ఆగడం. ఒకసారి రెండు ప్లగ్ మొనల మధ్య తెల్లటి పొక్కు అతుక్కుని ఉంది. అడిగితే ఆయిల్ పార్సిల్ రాక, పిల్లలు బంకులో స్కూటర్ 2టీ ఆయిల్ కొని కలిపారు. స్కూటర్ ఆయిల్ గాలితో చల్లబడే వేడి ఇంజన్ల కోసం చేసింది, మండాక కాస్త బూడిద మిగులుస్తుంది. బోటు ఇంజన్‌కు కావాల్సింది డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉండేది, బూడిద మిగల్చనిది. ఒక ట్యాంకు స్కూటర్ ఆయిల్‌తో ఇంజన్ చావదు. అదే అలవాటు చేసుకోకూడదు. మన వైపు ఇది అంగట్లో దొరకడం కష్టం, అందుకని ఒకేసారి పెద్ద క్యాన్లు తెప్పించి పెట్టుకున్నాం.

ఫోర్-స్ట్రోక్ సంగతి ఇంకా వింతగా ఉంది. 220 గంటల దగ్గర డిప్‌స్టిక్ చూస్తే ఆయిల్ మట్టం గుర్తు కన్నా పైన ఉంది. పోసింది 800 మిల్లీలీటర్లు, దించి కొలిస్తే 960. పెట్రోల్ వాసన. ఆయిల్ తగ్గితే భయపడతాం గానీ పెరిగితే ఎవరూ పట్టించుకోరు. చల్లటి ఇంజన్‌లో మండని పెట్రోల్ రింగుల పక్కనుంచి జారి సంపులో చేరుతుంది. ఆయిల్ పలచబడితే క్రాంక్ షాఫ్ట్‌ను మోసే, గుండ్లు లేని షెల్ బేరింగులకు ముప్పు. టూ-స్ట్రోక్ పిస్టన్ లాగా ఒక మధ్యాహ్నంలో తెలిసే ముప్పు కాదు, నెమ్మదిగా తినేది.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో సిలిండర్ హెడ్ చూస్తే 34 డిగ్రీలు. ఇంత చల్లగా ఉండకూడదు. ఇంజన్ వేడెక్కేదాకా చల్లటి నీళ్లను ఆపే థర్మోస్టాట్‌ను తీస్తే దాని సీటు మీద మట్టి పలుకు ఇరుక్కుని సగం తెరిచే ఉంది. పరీక్ష తేలిక:

1. గిన్నెలో నీళ్లు, అందులో దారంతో వేలాడదీసిన థర్మోస్టాట్, కిచెన్ థర్మామీటర్.
2. సన్న మంట. మా దాని మీద ముద్రించింది 52 డిగ్రీలు, ఆ దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి.
3. చల్లారాక పూర్తిగా మూసుకోవాలి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సందు కనిపించకూడదు.

శుభ్రం చేసినా సరిగ్గా మూసుకోలేదు. కొత్తది, గాస్కెట్‌తో 1,250. హెడ్ 54 డిగ్రీలకు వచ్చింది. ఆయిల్ మార్పు 100 గంటల నుంచి 50కి తగ్గించాను. 265 గంటలప్పుడు దించితే 830 మిల్లీలీటర్లు, 310 గంటలప్పుడు 810.

రెండు జబ్బులకూ ఒకే అలవాటు మందు అయింది: వల పని అయ్యాక ఒడ్డుకు వచ్చేటప్పుడు పది నిమిషాలు మంచి స్పీడులో తోలడం. టూ-స్ట్రోక్‌లో ప్లగ్ కాలి శుభ్రపడుతుంది, ఫోర్-స్ట్రోక్‌లో ఆయిల్ వేడెక్కి పెట్రోల్ ఆవిరవుతుంది. పెద్దోడికి ఈ మందు బాగా నచ్చింది.

ఈ దశలోనే లీక్-డౌన్‌లో ఫోర్-స్ట్రోక్ రెండో సిలిండర్ 14 శాతం చూపించింది, గాలి ఎగ్జాస్ట్ వైపు. వాల్వు సందు ఫీలర్ గేజ్‌తో చూస్తే 0.20 మిల్లీమీటర్లు ఉండాల్సింది 0.10. సందు తగ్గితే చప్పుడు రాదు, ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోక అంచు కాలుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సరిచేస్తే కొన్ని గంటలు నడిచాక 8 శాతానికి దిగింది. ఖర్చు ఒక గాస్కెట్, నా దగ్గర ఉన్నదే. ఎవరూ చూడకపోయి ఉంటే హెడ్ పని అయ్యేది.

మొత్తం: టూ-స్ట్రోక్ 290 గంటలు, 952 లీటర్లు, రిపేర్లు 11,030. ఫోర్-స్ట్రోక్ 310 గంటలు, 674 లీటర్లు, రిపేర్లు 3,150.

దశ 5: ఎండాకాలం, బురద గట్టు (మార్చి–మే)

నీళ్లు వెనక్కి పోతే బోటు దగ్గరకు బురదలో చాలా దూరం నడవాలి. దొంగల భయానికి ఇంజన్ రోజూ ఇంటికి తేవాల్సిందే. 26 కిలోలు ఒకడు భుజాన వేసుకుంటాడు. 37 కిలోలకు ఇద్దరు కావాలి, ఒక్కడే ఉన్న రోజు అది కింద పడుతుంది. పడింది. ప్రొపెల్లర్ కింద ఉండే స్కెగ్ రెక్క విరిగింది, అల్యూమినియం వెల్డింగ్ 1,200.

ఇంకోసారి ఆటోలో ఫోర్-స్ట్రోక్‌ను తప్పు పక్కకు పడుకోబెట్టారు. సంపు ఆయిల్ సిలిండర్‌లోకి దిగింది. నేను చూడకముందే తాడు లాగి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగేది, ఎందుకంటే ద్రవం నలగదు. ప్లగ్గులు తీసి, తాడు మెల్లగా లాగి, ఆయిల్ బయటికి చిమ్మించి, ఆయిల్ మార్చి నడిపాం. కవరు మీద ఏ పక్కకు పడుకోబెట్టాలో బొమ్మ ఉంటుంది. ఆ పక్కన ఎర్ర పెయింటుతో “ఇటు కింద” అని రాశాను. టూ-స్ట్రోక్‌కు ఈ టెన్షన్ లేదు.

లోయర్ యూనిట్లు. గేరు ఆయిల్ దించితే రెండిట్లోనూ పాల రంగు. ప్రొపెల్లర్ తీస్తే వెనక నైలాన్ వల దారం చుట్టుకుని, వేడికి కరిగి, ఆయిల్ సీల్ పెదవిని కోసేసింది. వలలు వేసే బోటుకు ఇది తప్పదు. అందుకని 25 గంటలకోసారి ప్రొపెల్లర్ తీసి దారం కోయడం, షాఫ్ట్‌కు గ్రీజు పెట్టడం. సీళ్లు 700, 850. గేరు ఆయిల్ ఎప్పుడూ కింది రంధ్రం నుంచి ఎక్కించి, పై రంధ్రంలోంచి పొంగేదాకా పోయాలి. పైనుంచి పోస్తే లోపల గాలి మిగిలిపోతుంది.

మునిగిన కంప మొద్దులకు ప్రొపెల్లర్ తగలడం ఈ కాలంలో మామూలే. టూ-స్ట్రోక్ ప్రొపెల్లర్ లోపలి రబ్బరు బుష్ జారింది. ఇంజన్ అరుస్తుంది, బోటు కదలదు, క్లచ్ పోయినట్టు అనిపిస్తుంది. కనుక్కునే పద్ధతి: లోపలి బుష్ నుంచి బయటి హబ్ దాకా ఒకే గీత పెయింటుతో గీయాలి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే బుష్ పోయింది, గేర్లు విప్పనక్కర్లేదు. కొత్త బుష్ 900. తగలడం వల్ల బుష్ జారడమే మేలు, అది జారకపోతే గేరు పళ్లు పోయేవి.

ఇంజన్ లోహానికి బదులు తను తుప్పు పట్టే జింకు ఆనోడ్ గురించి కూడా రాసుకున్నాను. ఉప్పునీళ్లకు జింకు సరిపోతుంది, మంచినీళ్లలో దాని మీద పొర కట్టి పని మానేస్తుంది. మనకు మెగ్నీషియం లేదా అల్యూమినియం ఆనోడ్ కావాలి. ఇంకా మార్చలేదు, తుప్పు కనబడలేదు.

300 గంటలు దాటాక బాటిల్ పరీక్షలో 34, 40 సెకన్లు వచ్చాయి. రెండిటికీ రెండో ఇంపెల్లర్ కిట్, ఒక్కోటి 1,900.

మొత్తం: టూ-స్ట్రోక్ 400 గంటలు, 1,326 లీటర్లు, టూ-టీ ఆయిల్ 27 లీటర్లు, రిపేర్లు 14,530. ఫోర్-స్ట్రోక్ 405 గంటలు, 902 లీటర్లు, ఇంజన్ ఆయిల్ 6.4 లీటర్లు, రిపేర్లు 7,100.

దశ 6: విప్పి చూసిన కొలతలు (జూన్)

టూ-స్ట్రోక్ కింది సిలిండర్ మొదటి నుంచి ఉన్నదే, దాని మీదే నాకు ఆసక్తి. కంప్రెషన్ 116 నుంచి 97కు దిగింది. లీక్-డౌన్ 15 శాతం. రింగు మూతి సందు, కొత్త రింగు పెడితే 0.25, తీసిన రింగుకు 0.48 మిల్లీమీటర్లు. బోరు ఎగ్జాస్ట్ పోర్టు దగ్గర 0.03 అరిగింది, మిగతా చోట్ల కొలతకు అందలేదు. రింగులు ప్రతి దెబ్బకూ పోర్టుల కిటికీల మీదుగా దాటాలి కాబట్టి అరుగుదల అక్కడే మొదలవుతుంది. ఎగ్జాస్ట్ పోర్టులో మిల్లీమీటర్ మందం మసి, చెక్కపుల్లతో గీకాం. క్రాంక్ బేరింగులు బాగున్నాయి. పై సిలిండర్ కొత్త పిస్టన్‌తో 112.

ఫోర్-స్ట్రోక్ లీక్-డౌన్ 9, 8 శాతం. హెడ్ తీసి చూస్తే బోరు అరుగుదల 0.01. హోనింగ్ గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. క్యామ్ మీద మచ్చ లేదు. కింది బేరింగులు విప్పలేదు. పెట్రోల్ కలిసి ఆయిల్ పలచబడిన కాలం వాటిని ఏం చేసిందో ఆయిల్‌లో లోహపు పొడి చూసి అంచనా వేయాల్సిందే. అయస్కాంతానికి పెద్దగా అంటుకోలేదు, కానీ షెల్ బేరింగు పూత అయస్కాంతానికి అంటుకునేది కాదు కదా, అందుకని దీన్ని పూర్తి భరోసాగా తీసుకోను.

పెట్రోల్ 110 రూపాయలు, టూ-టీ ఆయిల్ 450, ఇంజన్ ఆయిల్ 400 చొప్పున, రిపేర్లు కలిపి గంటకు టూ-స్ట్రోక్ 431 రూపాయలు, ఫోర్-స్ట్రోక్ 269. పట్టేసిన పిస్టన్ ఖర్చు తీసేస్తే రిపేర్లు రెండిటికీ దాదాపు సమానం. అసలు తేడా పెట్రోల్‌లో ఉంది.

మన్నిక మాటకొస్తే, అరుగుదల కొలతల్లో ఫోర్-స్ట్రోక్ స్పష్టంగా ముందుంది. కానీ అది డిప్‌స్టిక్, వాల్వు సందు చూసే మనిషి ఉన్నంతకాలమే. చూసేవాడు లేకుంటే అది చప్పుడు చేయకుండా పాడవుతుంది. టూ-స్ట్రోక్‌ను నెలల తరబడి పట్టించుకోకపోయినా ఊరుకుంటుంది, ఒక్క ట్యాంకు పెట్రోల్ విషయంలో మాత్రం ఊరుకోదు.

మామ లెక్కలు విని అడిగింది ఒకటే. “అబ్బీ, నువ్వు లేకుంటే ఏది కొనాల?” షెడ్డుకు దూరంగా, అవతలి గట్టున ఉండే బోటుకు టూ-స్ట్రోక్ ఉంచమన్నాను, అక్కడ మోసేది ఒక్కడే. జమ్మలమడుగు వైపు తిరిగొచ్చే బోట్లకు ఫోర్-స్ట్రోక్‌లు రెండు ఆర్డరయ్యాయి.

తర్వాతి విప్పుడు 600 గంటల దగ్గర. అప్పటికి చేయాల్సినవి:

1. టూ-స్ట్రోక్ కింది సిలిండర్‌కు కొత్త రింగులు వేశాం. వాటి సందు మళ్లీ కొలవాలి.
2. క్రాంక్ సీళ్ల పరీక్ష: పోర్టులు మూసి 6 పీఎస్ఐ గాలి ఎక్కించి, గేజ్ ముల్లు దిగుతుందేమో చూడాలి. సీలు లీకైతే గాలి ఎక్కువై మళ్లీ పిస్టన్‌కే ముప్పు.
3. ఫోర్-స్ట్రోక్ టైమింగ్ బెల్టు పళ్లు, పగుళ్లు.
4. కింది షెల్ బేరింగులు విప్పి ప్లాస్టిగేజ్‌తో (నలిగి సందు ఎంతో చూపే ప్లాస్టిక్ దారం) సందు కొలవడం. ప్లాస్టిగేజ్ హైదరాబాద్ నుంచి తెప్పించాలి.
5. మెగ్నీషియం ఆనోడ్లు.